రీలోడింగ్ ప్రెస్సు

ఈ వ్యాసం తూటాలను తిరిగి నింపే బల్ల యంత్రం గురించి. ఛాతీ కండరాల వ్యాయామం కొరకు బెంచ్ ప్రెస్ (వ్యాయామం) చూడండి.

రీలోడింగ్ ప్రెస్సు అనేది ఒకసారి పేల్చిన తూటా యొక్క ఖాళీ ఇత్తడి గుల్లను సరిచేసి, అందులో కొత్త ప్రైమరు, మందు, గుండు అమర్చి, దానిని తిరిగి వాడుకొనుటకు వీలుగా తయారుచేసే చేతి యంత్రం. దీనిని గట్టి బల్లకు బోల్టులతో బిగించి, పొడవైన పిడిని క్రిందికి లాగుతూ పనిచేయిస్తారు కనుక బెంచ్ ప్రెస్సు అని కూడా వ్యవహరిస్తారు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో గురి పోటీలలో పాల్గొనేవారు, వేటగాళ్ళు, పాత తుపాకులను సేకరించేవారు అనేకులు ఈ పనిని ఒక అభిరుచిగా ఇంటివద్దనే చేసుకుంటారు. అల్యూమినియంతో పోతపోసిన చిన్న ప్రెస్సులు మొదలుకొని, వాటికి పదుల రెట్లు ఖరీదు చేసే యంత్రాల వరకు ఆ దేశపు విపణిలో లభిస్తాయి.

ధర తక్కువైనంత మాత్రాన ప్రెస్సు నుండి వచ్చే తూటా నాసిరకం కానక్కరలేదు. ధరతో పాటు ప్రధానంగా తగ్గేవి పని వేగం, యంత్రపు మన్నిక. తూటా సురక్షితమా కాదా అన్నది ఎక్కువగా దానిని నింపే మనిషి శ్రద్ధపై ఆధారపడి ఉంటుంది. భారతదేశంలో మాత్రం లైసెన్సు లేకుండా ఈ పని చేయడం తీవ్రమైన నేరం. వివరాలు చట్టాల విభాగంలో చూడవచ్చు.

తూటా భాగాలు

వాడుక భాషలో తూటా, గుండు అనే మాటలను ఒకే అర్థంలో వాడుతున్నప్పటికీ రెండూ వేరు. ఆధునిక తూటాలో నాలుగు భాగాలు ఉంటాయి.

గుల్ల: మిగిలిన మూడు భాగాలను పట్టి ఉంచే గొట్టం వంటి పాత్ర. ఎక్కువగా ఇత్తడితో చేస్తారు.
ప్రైమరు: గుల్ల అడుగున ఉండే చిన్న లోహపు గిన్నె. తుపాకీలోని సూది తగలగానే ఇందులోని రసాయనం పేలి నిప్పు పుట్టిస్తుంది.
మందు: ఆ నిప్పుతో అంటుకొని వాయువుగా మారి ఒత్తిడిని కలిగించే పదార్థం. నేడు వాడేది పొగ తక్కువగా వచ్చే నైట్రోసెల్యులోజు మందు.
గుండు: ఆ ఒత్తిడితో గొట్టం నుండి వెలువడి లక్ష్యాన్ని చేరే సీసపు లేదా రాగి తొడుగు గల ముక్క.

తూటా పేలినపుడు వీటిలో మందు కాలిపోతుంది, గుండు వెళ్ళిపోతుంది, ప్రైమరు పనికిరాకుండా పోతుంది. ఇత్తడి గుల్ల మాత్రం కొద్దిగా ఉబ్బి మిగిలి ఉంటుంది. సాధారణంగా నాలుగు భాగాలలోను ఖరీదైనది గుల్లయే. దానిని కాపాడుకొని తిరిగి వాడుకొనడమే రీలోడింగుకు మూలసూత్రం. ఇత్తడికి సాగి మరల ముడుచుకొనే గుణం ఉన్నందువలన ఒకే గుల్లను అనేక పర్యాయాలు నింపవచ్చు. మెడవద్ద పగులు కనిపించినపుడు దానిని పారవేయాలి.

అన్ని తూటాలు తిరిగి నింపుటకు అనువైనవి కావు. .22 రిమ్‌ఫైర్ తూటాలో వేరుగా ప్రైమరు ఉండదు. పేలుడు రసాయనం గుల్ల అంచు మడతలోనే పోయబడి ఉంటుంది, సూది దెబ్బకు ఆ అంచు నొక్కుకొనిపోతుంది. కనుక దానిని ఆచరణలో తిరిగి నింపరు.

చరిత్ర

వేరుగా అమర్చే ప్రైమరు గల గుల్లలు 19వ శతాబ్దపు ద్వితీయార్థంలో వాడుకలోకి వచ్చాయి. 1860 దశకంలో రెండు పద్ధతులు రూపొందాయి. బ్రిటిషు సైన్యాధికారి ఎడ్వర్డ్ బాక్సర్ రూపొందించిన పద్ధతిలో ప్రైమరు దెబ్బను కాచుకొనే దాగలి ప్రైమరులోనే ఉంటుంది, గుల్ల అడుగున మధ్యలో ఒకే రంధ్రం ఉంటుంది. అమెరికాకు చెందిన హైరమ్ బెర్డన్ పద్ధతిలో దాగలి గుల్లలోనే భాగంగా ఉండి, దానికి ఇరువైపులా సాధారణంగా రెండు సన్నని రంధ్రాలు ఉంటాయి. విచిత్రమేమనగా ఆంగ్లేయుని పద్ధతి అమెరికాలోను, అమెరికా వాని పద్ధతి ఐరోపాలోను స్థిరపడ్డాయి. బాక్సర్ గుల్లలో నడిమి రంధ్రం గుండా ఒక సూదిని దించితే పాత ప్రైమరు ఊడి వస్తుంది. బెర్డన్ గుల్లలో ఇది అంత సులభం కాదు. ఇంటివద్ద తూటాలు నింపుకొనే అలవాటు అమెరికాలో విస్తృతంగా వ్యాపించుటకు ఈ చిన్న తేడా ఒక ముఖ్య కారణం.

1870 దశకంలో పశ్చిమ మైదానాలలో అడవిదున్నలను వేటాడినవారు తమ విడిదిలోనే తూటాలు నింపుకొనేవారు. అంగళ్ళు దూరంగా ఉండి, నల్లమందు, సీసం మూటలుగా దొరికే ఆ ప్రాంతంలో ఇది పొదుపు కంటె అవసరంగా ఉండేది. వించెస్టర్ వంటి తుపాకీ సంస్థలే ఆనాడు రీలోడింగు పనిముట్లను అమ్మేవి. 1884లో జాన్ బార్లో స్థాపించిన ఐడియల్ సంస్థ చేతిలో పట్టుకొని నొక్కే పనిముట్లను తయారుచేసింది. ఇవి చూచుటకు మన అడకత్తెరను పోలి ఉంటాయి. పనిచేసే తీరు కూడా అదే, రెండు పిడులను దగ్గరకు నొక్కితే కీలు దగ్గర బలం పెరుగుతుంది. 1925లో ఐడియల్ వ్యాపారాన్ని కనెక్టికట్ రాష్ట్రానికి చెందిన లైమన్ సంస్థ కొనుగోలు చేసింది.

ఫ్రాన్సులో 1884లో పాల్ వియెల్ పొగ తక్కువగల మందును కనుగొన్న తరువాత ఈ పనికి కావలసిన జాగ్రత్త బాగా పెరిగింది. నల్లమందును కొలపాత్రతో పోసినా పెద్దగా ప్రమాదం ఉండేది కాదు. కొత్త మందు అదే పరిమాణంలో ఎన్నో రెట్లు శక్తివంతమైనది కనుక తూకం తప్పనిసరి అయినది.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో పౌరులకు తూటాల భాగాలు దొరకలేదు. 1943లో కాలిఫోర్నియాలోని ఒరోవిల్‌లో ఫ్రెడ్ హంటింగ్టన్ గుండ్లను అచ్చువత్తే పనిముట్లను తయారుచేయ నారంభించాడు. రాక్ చక్ అనే బొరియల జంతువును వేటాడే గుండ్ల కొరకు చేసినవి కనుక ఆ పనిముట్టు పేరులోని మొదటి అక్షరాలతో ఆర్.సి.బి.ఎస్. అను సంస్థ పేరు ఏర్పడింది. ఈ సంస్థ తరువాత తెచ్చిన రాక్ చకర్ అనే పోత ఇనుప ప్రెస్సు దీర్ఘకాలం ఇతర ప్రెస్సులకు కొలబద్దగా నిలిచింది. యుద్ధానంతరం సైన్యం వద్ద మిగిలిన మందును కాన్సాస్ ప్రాంతపు బ్రూస్ హాడ్జ్‌డన్ కొని చిన్న మొత్తాలలో అమ్మడంతో సామాన్యులకు మందు చౌకగా లభించింది. 1949లో నెబ్రాస్కాలో జాయిస్ హార్నడే గుండ్ల తయారీ సంస్థను స్థాపించాడు.

చౌక పనిముట్ల చరిత్రలో ముఖ్యమైన సంవత్సరం 1958. విస్కాన్సిన్ రాష్ట్రంలో రిచర్డ్ లీ తన ఇంటి పనిశాలలో లీ లోడర్ అనే చిన్న పనిముట్ల పెట్టెను రూపొందించాడు. మొదట షాట్‌గన్ తూటాలకు, పిమ్మట రైఫిలు, పిస్తోలు తూటాలకు ఇది లభించింది. దీనికి ప్రెస్సు అక్కరలేదు, బల్ల అక్కరలేదు. చిన్న సుత్తితో కొడుతూ ఒక్కొక్క తూటాను నింపవచ్చు. హార్ట్‌ఫర్డ్‌లోని లీ ప్రెసిషన్ సంస్థ ఆ తరువాత అల్యూమినియం ప్రెస్సులను తక్కువ ధరకు అందించి, కొత్తగా ఈ పని నేర్చుకొనేవారికి సుపరిచితమైనది. 1980 దశకంలో అరిజోనాకు చెందిన మైక్ డిలన్ సంస్థ వేగంగా పనిచేసే ప్రొగ్రెసివ్ ప్రెస్సులను సాధారణ పోటీదారుల అందుబాటులోకి తెచ్చింది.

పనిచేయు విధానం

ప్రెస్సులో ప్రధాన భాగాలు నాలుగు: చట్రం, పిడి, ర్యామ్, డై. చట్రం బల్లకు బిగింపబడి ఉంటుంది. ర్యామ్ అనగా చట్రం మధ్యలో పైకి క్రిందికి కదిలే నిలువు ఉక్కు కడ్డీ. దాని తలపై ఉండే గాడిలో గుల్ల అడుగు అంచును దూర్చి నిలబెడతారు. చట్రం పైభాగాన మరచుట్లు గల రంధ్రంలో డై అనే గట్టి ఉక్కు అచ్చును బిగిస్తారు. పిడిని క్రిందికి లాగినపుడు ర్యామ్ పైకి లేచి గుల్లను డైలోనికి నెడుతుంది.

పిడికి, ర్యామ్‌కు మధ్య మోకాలి కీలు వంటి ఏర్పాటు ఉంటుంది. ముడుచుకొని ఉన్న మోకాలు నిటారు అవుతున్న కొలది బలం పెరిగినట్లుగానే, ర్యామ్ చివరి అంగుళంలో అత్యధిక బలాన్ని ప్రయోగిస్తుంది. ఉబ్బిన ఇత్తడిని నొక్కుటకు అత్యధిక బలం కావలసినది కూడా అక్కడే. ఈ కారణంగా సాధారణ శరీరబలం గలవారు కూడా ఈ పనిని శ్రమ లేకుండా చేయగలుగుతారు.

తూటా తయారీలో క్రింది దశలు ఉంటాయి.

1. పేల్చిన గుల్లను డైలోనికి నెట్టి పాత కొలతకు తేవడం. అదే ఊపులో డై నడుమ ఉన్న సూది పాత ప్రైమరును ఊడగొడుతుంది.
2. కొత్త ప్రైమరును గుల్ల అడుగున ఒత్తడం.
3. తూచిన మందును పోయడం.
4. మరొక డైతో గుండును గుల్ల మెడలో నిర్ణీత లోతుకు దించడం.
5. అవసరమైన తూటాలకు గుల్ల అంచును గుండుపైకి స్వల్పంగా నొక్కడం.

అధికశాతం డైల మరచుట్ల కొలత ఒకటే. వ్యాసం అంగుళంలో 7/8 వంతు (సుమారు 22.2 మి.మీ.), అంగుళానికి 14 చుట్లు. కనుక ఒక సంస్థ డైని మరొక సంస్థ ప్రెస్సులో నిరభ్యంతరంగా బిగించవచ్చు. అత్యంత చౌకయైన ప్రెస్సు కొన్నవారు సైతం ఖరీదైన డైలను వాడుకొనగలగడం, అర్ధ శతాబ్దం నాటి పాత ప్రెస్సులు నేటికీ చేతులు మారడం ఈ ఏకరూపత వలననే సాధ్యమైనది.

రకాలు

సింగిల్ స్టేజ్ ప్రెస్సు

ఇందులో ఒకసారికి ఒకే డై ఉంటుంది. యాభై గుల్లలను మొదటి దశ ముగించి, డై మార్చి, ఆ యాభైని రెండవ దశకు తీసుకొంటారు. గంటకు సుమారు యాభై తూటాలు పూర్తి అవుతాయి. చట్రం ఆకారాన్ని బట్టి ఇవి రెండు ముఖ్యమైన రకాలు. ఆంగ్ల అక్షరం 'సి' వలె ముందు భాగం తెరచి ఉండేవి మొదటి రకం. ఇందులో చేయి దూర్చుటకు వీలు ఎక్కువ, లోహం తక్కువ, కనుక ధర తక్కువ. 'ఓ' వలె చుట్టూ మూసుకొని ఉండేవి రెండవ రకం. ఇవి వంగవు కనుక పెద్ద రైఫిలు గుల్లలకు అనువైనవి.

టరెట్ ప్రెస్సు

ఇందులో మూడు, నాలుగు లేక అంతకు మించిన డైలను ఒక గుండ్రని పళ్ళెంలో ముందుగానే బిగించి ఉంచుతారు. గుల్ల ఒకేచోట ఉంటుంది, పళ్ళెం తిరుగుతూ ఒక్కొక్క డైని దాని పైకి తెస్తుంది. డైలను మాటిమాటికి విప్పనక్కరలేదు. గంటకు వంద నుండి రెండు వందల తూటాలు చేయవచ్చు.

ప్రొగ్రెసివ్ ప్రెస్సు

ఇందులో డైలు కదలవు, గుల్లలే క్రింద ఉన్న పళ్ళెంలో ఒక స్థానం నుండి మరొక స్థానానికి జరుగుతాయి. పిడి లాగిన ప్రతిసారి అన్ని దశలు ఏకకాలంలో జరిగి ఒక పూర్తి తూటా బయటపడుతుంది. గంటకు నాలుగైదు వందలు చేయవచ్చు. నెలకు వేలకొలది తూటాలు పేల్చే పిస్తోలు పోటీదారులకు ఇవి ఉపయోగం.

చేతి ప్రెస్సు

బల్ల లేనివారు రెండు చేతులతో పట్టుకొని నొక్కే చిన్న ప్రెస్సు. పాత ఐడియల్ పనిముట్టుకు వారసురాలని చెప్పవచ్చు. నెమ్మదిగా పనిచేసినా సాధారణ డైలనే వాడుకొంటుంది.

చౌక ప్రెస్సులు

కొత్తవారు కొనే చౌక ప్రెస్సులలో లీ సంస్థ వారి రీలోడర్ ప్రెస్సు ప్రసిద్ధమైనది. ఇది 'సి' ఆకారపు అల్యూమినియం ప్రెస్సు. అదే సంస్థ వారి చాలెంజర్ 'ఓ' ఆకారపు అల్యూమినియం ప్రెస్సు, క్లాసిక్ కాస్ట్ పోత ఇనుప ప్రెస్సు, క్లాసిక్ టరెట్ నాలుగు డైల ప్రెస్సు. ఆర్.సి.బి.ఎస్., హార్నడే, లైమన్ సంస్థల ఇనుప ప్రెస్సులు వీటికంటె సాధారణంగా ఖరీదైనవి.

ధరలో తేడా రావడానికి ముఖ్యమైన కారణాలు ఇవి.

లోహం: అల్యూమినియం తేలిక, పోతపోయడం సులభం. ఇనుము బరువు, గట్టిదనం ఎక్కువ. పిస్తోలు గుల్లలు పొట్టిగా, తిన్నగా ఉంటాయి కనుక వాటిని నొక్కుటకు పెద్ద బలం అక్కరలేదు. అల్యూమినియం చట్రం వాటికి చాలును. మెడ సన్నగా ఉండే పెద్ద రైఫిలు గుల్లలను నొక్కేటప్పుడు 'సి' ఆకారపు తేలిక చట్రం నోరు కొద్దిగా తెరచుకొనవచ్చు. అపుడు గుల్లల పొడవులో స్వల్ప తేడాలు వస్తాయి.

కీళ్ళు: ఖరీదైన ప్రెస్సులలో కీళ్ళ కడ్డీలు లావుగా, ఒరిపిడికి తట్టుకొనేలా ఉంటాయి. చౌక వాటిలో ఈ కీళ్ళు ముందుగా వదులవుతాయి. అప్పుడప్పుడు తుడిచి చుక్క నూనె వేస్తే వాటి ఆయుష్షు పెరుగుతుంది.

వాడిన ప్రైమర్ల పారుదల: ఊడిన ప్రైమర్లు, వాటితో వచ్చే బూడిద ర్యామ్ మధ్యనున్న బోలు గుండా నేరుగా సీసాలోనికి జారే ఏర్పాటు మంచి ప్రెస్సులలో ఉంటుంది. లేనిచోట ఆ బూడిద ర్యామ్ చుట్టూ చేరి దానిని అరగదీస్తుంది, బల్లపై చిమ్ముతుంది.

హామీ: కొన్ని సంస్థలు తమ చేతి ప్రెస్సులకు జీవితకాల హామీ ఇస్తాయి. ఆ భారం ధరలో కలిసే ఉంటుంది.

గుండు సూటిగా దిగినదా, మందు సమానంగా పడినదా అన్న విషయాలు మాత్రం ఎక్కువగా డైల నాణ్యత పైన, తూకం పైన, పని చేసే తీరు పైన ఆధారపడతాయి. అందువలన పరిమిత మొత్తం ఖర్చు చేయదలచినవారు ప్రెస్సుపై తగ్గించుకొని త్రాసుపై పెట్టుట మేలని అనుభవజ్ఞుల అభిప్రాయం. ప్రెస్సు కంటె ముందు బల్ల గట్టిగా ఉండాలి. బల్ల ఊగుతూ ఉంటే ఎంత ఖరీదైన ప్రెస్సయినా సరిగా పనిచేయదు. పాత ఇనుప ప్రెస్సు కొనేవారు ర్యామ్‌ను పైకెత్తి ప్రక్కలకు కదిపి చూసి వదులు తెలుసుకుంటారు. చట్రంలో బీట లేకుండా, మరచుట్లు అరగకుండా ఉంటే అది కొత్త అల్యూమినియం ప్రెస్సు కంటె మేలైన కొనుగోలు కావచ్చు.

ఇతర పరికరాలు

ప్రెస్సు ఒక్కటే సరిపోదు. మందును తూచే త్రాసు, గుల్ల పొడవును కొలిచే కాలిపర్సు, పొడవు పెరిగిన గుల్లను కత్తిరించే పనిముట్టు, ఇత్తడి గుల్లలకు పూసే నూనె, యాభై రంధ్రాల చెక్క పలక, ముద్రిత కొలతల పుస్తకం అవసరం. మందును గ్రెయిను అనే ప్రమాణంలో తూస్తారు. ఒక పౌనుకు 7,000 గ్రెయిన్లు, అనగా ఒక గ్రెయిను సుమారు 0.065 గ్రాములు. ఇది మన కంసాలులు బంగారం తూచుటకు వాడిన గురిగింజ ఎత్తులో ఇంచుమించు సగం. త్రాసు ఇందులో పదవ వంతును కూడా చూపగలగాలి. ఈ పనిలో కావలసిన సూక్ష్మతను దీనినిబట్టి ఊహించవచ్చు.

పొదుపు లెక్క

గుల్లను తిరిగి వాడుకొంటారు కనుక తూటా ఖరీదు తగ్గుతుందన్నది నిజమే. అయితే పొదుపు తూటా రకాన్ని బట్టి మారుతుంది. కర్మాగారాలలో భారీగా తయారయ్యే 9 మి.మీ. తూటాలపై మిగిలేది స్వల్పం. అరుదైన, పాత లేక పెద్ద రైఫిలు తూటాలపై మిగిలేది ఎక్కువ. కొన్ని పాత తుపాకులకు తూటాలు అంగట్లో దొరకనే దొరకవు. వాటి యజమానులకు ప్రెస్సు తప్ప వేరు మార్గం లేదు. ప్రెస్సు కొన్న తరువాత అభిరుచి గలవారు మునుపటికంటె ఎక్కువ తూటాలు పేలుస్తారు కనుక మొత్తం ఖర్చు తగ్గదని వారిలో వారే పరిహాసంగా చెప్పుకుంటారు.

మరియొక ఆకర్షణ స్వావలంబన. అమెరికాలో 2013లోను, తిరిగి 2020 నుండి కోవిడ్ కాలంలోను తూటాలకు తీవ్రమైన కొరత ఏర్పడింది. అయితే ఆ కాలంలో ప్రైమర్లు కూడా దొరకలేదు. ప్రైమర్లను ఇంటివద్ద తయారుచేయడం అత్యంత ప్రమాదకరం. కనుక ప్రెస్సు ఉన్నవారు కూడా కర్మాగారంపై ఆధారపడక తప్పదు.

ప్రమాదాలు - జాగ్రత్తలు

తూటా పేలినపుడు లోపల పుట్టే ఒత్తిడి సామాన్యమైనది కాదు. అమెరికాలో తూటాల ప్రమాణాలను నిర్ణయించే సామి (1926లో స్థాపితం) లెక్కల ప్రకారం .308 విన్చెస్టర్ తూటాకు గరిష్ఠ సగటు ఒత్తిడి చదరపు అంగుళానికి 62,000 పౌన్లు, 9 మి.మీ. తూటాకు 35,000 పౌన్లు, .38 స్పెషల్‌కు 17,000 పౌన్లు. కారు చక్రంలో ఉండేది సుమారు 32 పౌన్లు మాత్రమే. తుపాకీ గది కాల్చేవాని ముఖానికి జానెడు దూరంలో ఉంటుంది. కనుక మందు కొలతలో పొరపాటు చేతులను, కళ్ళను, ఒక్కొక్కసారి ప్రాణాన్నే బలిగొనవచ్చు.

ముఖ్యమైన ప్రమాదాలు ఇవి.

రెట్టింపు మందు: .38 స్పెషల్ వంటి తూటాల గుల్లలు పూర్వం ఎక్కువ చోటు ఆక్రమించే మందుల కాలం నాటి కొలతలతో ఉన్నవి. నేటి మందు వాటిలో అడుగుభాగానికే సరిపోతుంది. పొరపాటున రెండుసార్లు పోసినా పొంగి పొరలదు, కంటికి తెలియకపోవచ్చు.

మందు లేని తూటా: ప్రైమరు ఒక్కటే పేలి గుండును గొట్టం మధ్యకు నెట్టి వదలుతుంది. శబ్దం చిన్నగా వినిపించినా పట్టించుకోక మరొక తూటా పేలిస్తే గొట్టం పగులుతుంది.

మందుల తారుమారు: పలు రకాల మందులు చూపునకు ఒకే తీరుగా నల్లని నూకవలె ఉంటాయి. కొన్ని త్వరగా, కొన్ని నిదానంగా కాలుతాయి. అందుచేత బల్లపై ఒకసారికి ఒకే డబ్బా ఉంచడం, మిగిలిన మందును వెంటనే దాని డబ్బాలోనే పోయడం నియమం. పేరు లేని డబ్బాలోని మందును వాడరాదు.

సీసం: ప్రైమర్లలో ఎక్కువగా సీసపు సమ్మేళనం ఉంటుంది. పేలిన గుల్లలను శుభ్రపరచేటప్పుడు లేచే ధూళి శరీరంలో చేరితే ముఖ్యంగా పిల్లలకు హాని. పనిచేసే చోట తినరాదు, త్రాగరాదు, పని ముగియగానే చేతులు సబ్బుతో కడుగుకోవాలి.

నిప్పు: పొగరాని మందు ఆరుబయట పేలకుండా భగ్గున మండుతుంది. ప్రైమర్లు మాత్రం దెబ్బకు, వేడికి పేలుతాయి, ఒకటి పేలితే ప్రక్కవి కూడా అంటుకొనవచ్చు. అమెరికా అగ్నిమాపక ప్రమాణాల ప్రకారం నివాస గృహంలో 20 పౌన్లు (సుమారు 9 కిలోలు) వరకు మందును దాని అసలు డబ్బాలలోను, 10,000 వరకు ప్రైమర్లను ఉంచవచ్చు. వాటిని వేరువేరుగా, పిల్లలకు అందకుండా ఉంచాలి.

ఈ విషయంలో చౌక ప్రెస్సుకు ఒక సుగుణం ఉన్నది. సింగిల్ స్టేజ్ ప్రెస్సులో మందు పోసిన యాభై గుల్లలు చెక్క పలకలో వరుసగా నిలబడి ఉంటాయి. గుండు దించుటకు ముందు దీపపు వెలుతురులో అన్నింటిలోనికి తొంగి చూస్తే ఎక్కువ తక్కువలు తెలిసిపోతాయి. ప్రొగ్రెసివ్ ప్రెస్సులో ఐదు పనులు ఒకేసారి జరుగుతున్నందున ఒకదానిపై నుండి దృష్టి మరలితే తప్పు చాటున ఉండిపోతుంది. కొత్తవారు మొదట నిదానమైన ప్రెస్సుతో నేర్చుకొనవలెనని సలహా ఇచ్చుటకు ధర కంటె ఇదే బలమైన కారణం. నిద్రలేమి, మద్యం, సంభాషణ, టెలివిజన్ ఈ పనికి శత్రువులు.

మందు కొలతలు ఈ వ్యాసంలో ఇవ్వబడలేదు. అవి తూటా, గుండు, మందు, ప్రైమరు నాలుగింటిని బట్టి మారుతాయి. మందు, గుండ్ల తయారీదారులు ప్రయోగశాలలో పరీక్షించి ప్రచురించే పుస్తకాలే వాటికి ప్రమాణం.

చట్టాలు

అమెరికా

అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం, తుపాకీ కలిగి ఉండుటకు అర్హత గలవారు సొంత వాడకానికి తూటాలు నింపుకొనుటకు లైసెన్సు అక్కరలేదు. అమ్మకానికి తయారుచేసేవారికి మాత్రం సమాఖ్య లైసెన్సు తప్పనిసరి. రాష్ట్రాలలో, నగరాలలో అదనపు నిబంధనలు ఉండవచ్చు.

అమెరికాలోని తెలుగు విద్యార్థులు, ఉద్యోగులు గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. ఎఫ్-1, హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకీని గాని, తూటాలను గాని కలిగి ఉండడాన్ని సమాఖ్య చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న రాష్ట్ర వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ఆ చట్టం తూటా అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో గుల్లలు, ప్రైమర్లు, గుండ్లు, మందు కూడా చేరి ఉన్నాయి. కనుక స్నేహితుని ఇంట సరదాగా ఈ అభిరుచిలో పాలుపంచుకొనడం కూడా చిక్కులు తేవచ్చు. శాశ్వత నివాస పత్రం గలవారికి ఈ నిషేధం వర్తించదు.

భారతదేశం

భారతదేశంలో ఆయుధాల చట్టం, 1959 అమలులో ఉన్నది. ఈ చట్టపు 2వ సెక్షన్‌లో మందుగుండు నిర్వచనం చాలా విస్తృతమైనది. తూటాలతో పాటు వాటి భాగాలు, వాటిని తయారుచేసే యంత్రాలు కూడా అందులో చేరి ఉన్నాయి. అనగా అమెరికాలో అంగట్లో కొనగల ప్రెస్సు వంటి యంత్రం ఇక్కడ చట్టం దృష్టిలో మందుగుండు క్రిందికి వస్తుంది. 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయరాదు. తుపాకీ ఉంచుకొనుటకు ఇచ్చే సాధారణ లైసెన్సు తయారీ లైసెన్సు కాదు. 10వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా ఆయుధాలను, మందుగుండును దేశంలోనికి తేరాదు. విదేశాల నుండి తిరిగివచ్చేవారు ఇటువంటి యంత్రాన్ని, చివరకు జ్ఞాపికగా ఖాళీ గుల్లలనైనా సామానులో తెచ్చుకొనుట మంచిది కాదు. 2019 సవరణ తరువాత అక్రమ తయారీకి ఏడు సంవత్సరాలకు తక్కువ కాకుండా యావజ్జీవం వరకు కారాగార శిక్ష, జరిమానా విధించవచ్చు.

దేశంలో లైసెన్సుదారులకు అమ్మే తూటాలలో పుణె సమీపంలోని ఖడ్కీ మందుగుండు కర్మాగారం (స్థాపన 1869) తయారీ ప్రసిద్ధమైనది. 2021 అక్టోబరు 1న ఆయుధ కర్మాగారాల బోర్డు రద్దయి ఏడు ప్రభుత్వ సంస్థలుగా మారినపుడు ఇది మ్యూనిషన్స్ ఇండియా లిమిటెడ్‌లో చేరింది.

హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్, ఈషా సింగ్ వంటి వారి విజయాలు చూసి ఈ క్రీడపై ఆసక్తి పెంచుకొనే విద్యార్థులకు రీలోడింగుతో పని లేదు. ఒలింపిక్ రైఫిలు, పిస్తోలు పోటీలలో వాడేవి గాలి తుపాకీ పూసలు లేదా .22 రిమ్‌ఫైర్ తూటాలు. మొదటివాటిలో మందే ఉండదు, రెండవవాటిని తిరిగి నింపరు.

ఇవి కూడా చూడండి

తూటా
తుపాకీ
నల్లమందు
నైట్రోసెల్యులోజు
ఆయుధాల చట్టం, 1959
షూటింగ్ (క్రీడ)